కెర్వాను పూడ్చనివ్వని గీత

నాలుగు రోజుల్లో చావాల్సిన మా కెర్వా ఆ ఏడాది ఏడు రోజులు బతికింది. ఆ మిగిలిన మూడు రోజులూ నా మోకాళ్ళు ఎలా బతికాయో ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

కెర్వా అంటే మా చర్చి పుట్టినరోజుకు చేసుకునే తిరునాళ్ళు. శుక్రవారం ఊరి నడుమ మాను నిలబెడతాం, సోమవారం పొద్దుగూకేలోపు కెర్వాను పాతిపెడతాం. మాట వరసకు అనడం లేదు, నిజంగానే పాతిపెడతాం. గడ్డితో బొమ్మ కట్టి, నెత్తిన టోపీ పెట్టి, చంకలో బీరు సీసా ఇరికించి, పందిని కోసినప్పుడు వెంట్రుకలు గీకే చెక్క తొట్టిలో పడుకోబెడతాం. నల్లకోట్లు వేసుకున్న నలుగురు మగాళ్ళు ఆ తొట్టిని మోస్తారు. ఆడవాళ్ళం దుప్పట్లంతేసి చేతిరుమాళ్ళు పట్టుకుని గుండెలు బాదుకుంటూ వెనకాల నడుస్తాం. ఒకడు గొయ్యి పక్కన నిలబడి పోయిన కెర్వా గుణగణాలు చెప్పి ఏడిపిస్తాడు. ఆ తర్వాతే ఎవరి పనుల్లోకి వాళ్ళం వెళతాం. పూడ్చనంత వరకు కెర్వా బతికున్నట్టే లెక్క. అది బతికున్నంత కాలం మా ఊళ్ళో నాగలి దిగకూడదు, బ్యాండుమేళం ఇళ్ళకు పోకూడదు, సత్రం తలుపు మూయకూడదు.

ఆ సత్రం నాది. నా పేరు బాబెట్, ఊరి పేరు హాసెల్‌రాయ్ట్. ఊరంటే పెద్దగా ఊహించుకోకండి, ఈ చివర తుమ్మితే ఆ చివర వాళ్ళు దీవిస్తారు. తూర్పున వాగు ఉంది. వాగుకి ఇవతల మేము ఫ్రాంకోనియా వాళ్ళం. అవతల ఉన్నది బవేరియా వాళ్ళు, వాళ్ళ మాట వేరు. పన్ను కాగితాల మీద మేమూ జర్మనీలోని బవేరియా రాష్ట్రంలోనే ఉన్నామని రాసి ఉంటుంది, రెండు వందల ఏళ్ళ కిందట ఎవరో రాజులు పంచుకుంటే అటు పడ్డాం. అడక్కుండా పెళ్ళి చేసి పంపిన పిల్లకు ఎంత సంతోషమో మాకూ అంతే.

గొయ్యి పక్కన మాట్లాడేది సెబాల్డ్. చేపల చెరువుల సెబాల్డ్ అంటే చుట్టుపక్కల ఎవరైనా చెబుతారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే ఇంటిమీద మా ఎరుపు తెలుపు జెండా ఎగరేస్తాడు. బవేరియా వాళ్ళ తెల్ల సాసేజీ వాసన వస్తే వీధి మారతాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కెర్వా గోతి దగ్గర ఆ మనిషి తీసే రాగానికి రాళ్ళు కూడా ముక్కు చీదుకుంటాయి. పక్క ఊళ్ళవాళ్ళు సైకిళ్ళ మీద వచ్చి వినిపోయేవారు. అసలైన ఫ్రాంకోనియా ఏడుపంటే అదీ అనేవారు.

అతనికి ముందు ఒకసారి బవేరియా రాజధాని నుంచి వచ్చిన అతిథి ఒకడు తాగి గోతి దగ్గర మాట్లాడాడు. బాగా మాట్లాడాడు కూడా, అదే అతను చేసిన తప్పు. మర్నాడే సెబాల్డ్ కెర్వా సంఘం నియమాల పుస్తకంలో ఏడో నియమం రాశాడు. కెర్వా గోతి దగ్గర ఫ్రాంకోనియా మనిషి తప్ప మరొకరు నోరు విప్పరాదు. రాసి, కింద సంతకం పెట్టి, అందరి చేతా పెట్టించాడు. మావాళ్ళు దేవుడితోనైనా వాదిస్తారుగానీ సంతకం పెట్టిన కాగితంతో వాదించరు.

ఏటా పాతిపెట్టడం అయ్యాక సెబాల్డ్ నా సత్రానికి వచ్చి, పెద్దల బల్ల దగ్గర తన కుర్చీలో కూచుని, పక్కనున్న కిలియన్‌ను ఒకే మాట అడుగుతాడు. "ఎలా ఉంది?" అని. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. కిలియన్ మాంసం కొట్టు నడిపి మానేసిన మనిషి, నోరు మాత్రం ఇంకా కత్తే. గ్లాసులోకి చూస్తూ "పర్లేదు" అంటాడు. మా దగ్గర అంతకు మించిన మెప్పు లేదు. తన పెళ్ళినాడు పెళ్ళికూతుర్ని చూసి కూడా కిలియన్ ఆ మాటే అన్నాడు, ఆవిడ ఇప్పటికీ ఆ మాట తలుచుకుని మురుస్తుంది.

ఇక గీత సంగతికి వస్తాను. ఆ ఏడు వసంతంలో వీబ్కె అనే పిల్ల విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. ఉత్తరాన సముద్రం ఒడ్డు మనిషి. ఎవరు ఎక్కడిదాకా ఏ మాట మాట్లాడతారో పటం గీస్తోందట. ఊరికొక ముసలివాణ్ణి ఎంచుకుని, మాటలు పట్టే యంత్రం ముందు పెట్టుకుని అడుగుతుంది. మా ఊళ్ళో సెబాల్డ్‌ను కాకుండా ఇంకెవర్ని ఎంచుకుంటుంది? రెండు మధ్యాహ్నాలు అతని వంటింట్లో కూచుంది. పాల మీద మీగడని ఏమంటారు, ఈనిన ఆవు మొదటి పాలను ఏమంటారు, రొట్టె చివరి ముక్కను ఏమంటారు, పిల్లాడు అలిగితే ఏమని బుజ్జగిస్తారు, ఇవీ ఆ పిల్ల ప్రశ్నలు. ఫ్రాంకోనియా మాటంటే ఏమిటో ఆ పిల్లకు నేర్పి పంపానని సెబాల్డ్ మా బల్ల దగ్గర నెలరోజులు చెప్పుకున్నాడు.

పటం సరిగ్గా కెర్వా శుక్రవారం టపాలో వచ్చింది. నేనే విప్పి బల్ల మీద పరిచాను. రంగులు, చుక్కలు, మధ్యలో నీలం గీత. గీతకు ఒక పక్క ఫ్రాంకోనియా, ఇంకో పక్క బవేరియా. వాగు వెంట బుద్ధిగా వచ్చిన గీత మా ఊరి దగ్గరకు వచ్చేసరికి వాగు దాటి మెలిక తిరిగింది. మా ఊరి చుక్క, అంటే సెబాల్డ్ ఇల్లు, అవతలి పక్కన పడింది. చుక్కకు బవేరియా రంగు వేశారు.

అందరూ వంగి ఆ చుక్కను చూశారు. ఆ తర్వాత కిలియన్ గొంతు సవరించుకుని, "రేపట్నుంచి నీకు తెల్ల సాసేజీ పెట్టించమంటావేంట్రా, బవేరియా దొరా?" అన్నాడు. బల్లంతా గొల్లుమంది. నేనూ నవ్వాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. మాలో ఒకణ్ణి ఏడిపించామంటే వాడు మావాడని అర్థం. సెబాల్డ్ మాత్రం నవ్వలేదు. గ్లాసు సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. మా ఊళ్ళో సగం గ్లాసు వదిలి వెళ్ళినవాణ్ణి అంతకుముందు నేను ఒక్కణ్ణే చూశాను, ఆయనకు గుండెపోటు వచ్చింది.

శనివారం రాలేదు. ఆదివారం పూజకు వచ్చాడుగానీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. అతని ఇంటి మీద జెండా లేదు. సోమవారం మధ్యాహ్నం, తొట్టి సిద్ధమయ్యాక, సత్రంలోకి వచ్చాడు. ఒంటిమీద నల్లకోటు లేదు, రోజూ చెరువు గట్టుకి వేసుకెళ్ళే గోధుమరంగు చొక్కా ఉంది. నియమాల పుస్తకం తెచ్చి ఏడో నియమం దగ్గర తెరిచి బల్ల మీద పెట్టాడు. తన కుర్చీలో కూచోలేదు. పొయ్యి పక్కన గోడకున్న బెంచీ మీదకు పోయి కూచున్నాడు.

ఆ చోటు వాళ్ళమ్మది. వాల్‌బుర్గా వాగవతలి నుంచి కోడలై వచ్చిన మనిషి. ప్రతి కెర్వాకూ ఆ బెంచీ మీదే కూచునేది. నేను చిన్నపిల్లగా పళ్ళెం తీసుకెళ్ళి పెడితే తల ఊపేది, తిని మళ్ళీ తల ఊపేది. నోట్లో నాలుక లేని మనిషి, ఎంత నెమ్మది అని మా అమ్మ మెచ్చుకునేది. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు పోయింది. అప్పట్నుంచి ఆ చోట ఎవరూ కూచోలేదు, పొయ్యి వేడికి వీపు కాలుతుందని.

"కోటు వేసుకురా. టైమవుతోంది" అన్నాడు కిలియన్. క్షమించమని అడగడం మాలో అలాగే ఉంటుంది, అంతకన్నా మెత్తగా ఉండదు.

"బవేరియా వాడికి నల్లకోటెందుకు? రాసింది నేనే. చదవడం వచ్చినవాళ్ళు చదువుకోండి" అన్నాడు సెబాల్డ్.

సరే, ఈ ఏడాదికి గుంబర్ట్ మాట్లాడతాడని కిలియన్ అన్నాడు. గుంబర్ట్ మా బల్ల దగ్గర మూడోవాడు. రోడ్లు కొలిచే ఉద్యోగం చేసి దిగిపోయినా జేబులో మడత కొలబద్ద లేకుండా పక్క మీద కూడా పడుకోడు. సెబాల్డ్ బెంచీ మీంచే ఒక మాట అన్నాడు. గుంబర్ట్ ఇల్లు గీతకు ఎటు పక్కన ఉందో ముందు కొలవమన్నాడు. అలా అనకుండా ఉండాల్సింది. కొలవమంటే గుంబర్ట్ ఆగడు కదా.

కళ్ళద్దాలు తుడుచుకుని, కొలబద్ద తీసి, గీతను అడ్డంగా కొలిచాడు. గీత మందం అర మిల్లీమీటరు. పటం మీద ఒక మిల్లీమీటరంటే నేల మీద నాలుగు వందల మీటర్లు. కాబట్టి నేల మీద గీత రెండు వందల మీటర్ల వెడల్పు. మా ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు నూట ఎనభై మీటర్లు, అది కొలిచింది కూడా గుంబర్టే. రెండుసార్లు చూసుకుని కొలబద్ద మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఊరు మొత్తం గీతలోనే ఉంది. సెబాల్డ్ ఇల్లొక్కటే అవతలి అంచుకి తగిలింది. మనం ఇటూ కాదు, అటూ కాదు. మనం గీత" అన్నాడు.

ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకుని బొమ్మను పాతిపెట్టేవారు. మావాళ్ళు నియమాల పుస్తకం మళ్ళీ చదివారు. ఫ్రాంకోనియా మనిషి తప్ప మరొకరు నోరు విప్పరాదు. గీత ఫ్రాంకోనియా మనిషి కాదు. మాట లేకుండా పూడ్చడమంటే కుక్కను పూడ్చినట్టు. కాబట్టి కెర్వాను పూడ్చడానికి వీల్లేదు. తొట్టిని తీసుకొచ్చి నా వరండాలో పెట్టి, బొమ్మ మీద ఎండ పడకుండా గుడ్డ కప్పి, మళ్ళీ లోపలికి వచ్చి బీరు అడిగారు.

మంగళవారం నాకు కోపం వచ్చింది. బుధవారం ఆ కోపానికి కూడా ఓపిక లేకపోయింది. గుమ్మంలోకి ఎవరు వచ్చినా బ్యాండుమేళం లేచి వాయించాలి, అది పద్ధతి. టపా మనిషి వచ్చినా వాయించారు, పొగగొట్టం తుడిచేవాడు వచ్చినా వాయించారు. పెద్ద బూర ఊదేవాడికి పన్నెండు ఆవులున్నాయి. పాలు పితకడం పని కిందకు రాదు, దయ కిందకు వస్తుందని గుంబర్ట్ తీర్పు చెప్పాక రోజుకు రెండుసార్లు బూర మెడలో వేసుకునే కొట్టానికి వెళ్ళొచ్చేవాడు. కాల్చిన పంది జబ్బలు మంగళవారమే అయిపోయాయి. బుధవారం బంగాళదుంప ఉండలు పులుసులో వేసి పెట్టాను. ఆ సాయంత్రానికి ఉండలు కూడా అయిపోయి పులుసొక్కటే పోశాను. తిరునాళ్ళలో కూచుని బీరు తాగుతూ జనం వెట్టిచాకిరీ చేస్తున్నట్టు నిట్టూర్చడం నేను అప్పుడే చూశాను. శుక్రవారం పొరుగూరి కెర్వా మొదలు. ఒకటి చావకుండా ఇంకొకటి పుట్టకూడదు. వాళ్ళు అప్పటికే ఇద్దరు పెద్దమనుషుల్ని పంపి, మీది ఎప్పుడు పోతుందని మర్యాదగా అడిగించారు.

ఇంత జరుగుతుంటే సెబాల్డ్ రోజూ పొద్దున్నే వచ్చి పొయ్యి పక్కన కూచునేవాడు. కెర్వా బతికుంటే ఇంట్లో ఉండకూడదు కాబట్టి వచ్చేవాడు. తాగేవాడు కాదు. నేను పులుసు పెడితే తల ఊపేవాడు. ఆ తల ఊపడం అంతకుముందు చూసినదే, ఎక్కడ చూశానో అప్పటికి గుర్తు రాలేదు. మూడు రోజుల్లో మనిషి సగమైపోయాడు. ఇన్నేళ్ళూ మాకు మేము ఎవరమో చెప్పిన మనిషికి తనెవరో తెలియకుండా పోయింది. కిలియన్ రోజుకు పదిసార్లు ఆ బెంచీ వైపు చూసేవాడు, నోరు తెరిచేవాడు, వాతావరణం గురించి మాట్లాడేవాడు.

మంగళవారమే కిలియన్ వీబ్కెకు ఫోను చేశాడు. ఆ పిల్ల భయపడిపోయింది. గీత అంటే నిజంగా నేల మీద ఉండదనీ, ఎవరు ఏమనుకుంటే వాళ్ళు అదేననీ చెప్పింది. అలా అయితే రాజధాని నుంచి ఏ తాగుబోతు వచ్చి నేనూ మీవాణ్ణే అన్నా ఒప్పుకోవాలా అని కిలియన్ గద్దించాడు. పోనీ ఏ అనుమానమూ లేని ఫ్రాంకోనియా మాట ఎవరిదో అదన్నా చెప్పమన్నాడు. ఆ పిల్ల పుస్తకాల్లో ఉన్నదంతా చెప్పింది. ఫ్రాంకోనియా మాటలనే పెద్ద కుటుంబం మా దగ్గర మొదలై రైన్ నది వెంట కొలోన్ నగరం మీదుగా సముద్రం దాకా ఉందట. డచ్చివాళ్ళు మాట్లాడేది కూడా ఆ కుటుంబంలోదేనట, పుస్తకాల్లో దాన్ని దిగువ ఫ్రాంకోనియా అంటారట. పేరు ఒకటైనంత మాత్రాన మనుషులు ఒకటి కాదని కూడా చెప్పిందట. కిలియన్ ఆ మాటకు ముందే ఫోను పెట్టేశాడు.

మా వాగు గట్టున పచ్చికలో తెల్లటి బండి ఇల్లు ఒకటి రెండు వారాలుగా ఆగి ఉంది. అందులో ఉన్నది డచ్చి మొగుడూ పెళ్ళాలు. ఆయన పేరు యూస్ట్. పొడుగ్గా, ఎర్రగా, ఎవరు కనబడినా చెయ్యి ఊపే మనిషి.

నియమం ప్రకారం గోతి దగ్గర ఆయనే మాట్లాడాలని కిలియన్ అంటే, ఇంత అవమానం ఇంకోటి ఉండదని నేనన్నాను. చెరువుల సెబాల్డ్ పనికిరాడు, సెలవులకు బండి ఇల్లు లాక్కొచ్చినవాడు పనికొస్తాడా అన్నాను. "నియమం అలా ఉంది బాబెట్, నేనేం చెయ్యను" అన్నాడు కిలియన్. కళ్ళు మాత్రం బెంచీ వైపే ఉన్నాయి. సెబాల్డ్‌కు రోషం వచ్చి లేస్తాడని వాడి ఆశ. ఆ సంగతి నాకు తెలుసు, సెబాల్డ్‌కూ తెలిసే ఉంటుంది. లేవలేదు. రెండు రోజులు చూసి, గురువారం మధ్యాహ్నం కిలియనూ గుంబర్టూ టోపీలు తీసి చేత పట్టుకుని పచ్చికలోకి వెళ్ళారు. కెర్వాను పాతిపెట్టే దగ్గర రెండు మాటలు చెప్పాలని యూస్ట్‌ను అడిగారు. ఆయన మొహం ఒక్కసారిగా దిగులుపడిపోయి, తప్పకుండా వస్తానన్నాడట.

కెర్వా అంటే ఎవరని ఆయన అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు మాకు లేదు.

సాయంత్రం ఐదింటికి ఊరేగింపు బయలుదేరింది. ఏడు రోజుల మేళానికి పెదాలు వాచిపోయి బ్యాండువాళ్ళు నిజంగానే ఏడుస్తున్నట్టు వాయించారు. యూస్ట్ ఎక్కడో నల్లకోటు సంపాదించి తొడుక్కున్నాడు, చేతులు మోచేతుల దాకా బయటికి వచ్చేశాయి. పెళ్ళాం తెల్ల చామంతులు తెచ్చింది. తొట్టి గుడ్డ కప్పి ఉంది కాబట్టి లోపల ఏముందో వాళ్ళకు కనబడలేదు. మేమేమో గుండెలు బాదుకుంటున్నాం. సెబాల్డ్ అందరికంటే వెనకాల, దారి అవతలి అంచున, తన గోధుమరంగు చొక్కాతో ఒక్కడే నిలబడ్డాడు.

యూస్ట్ గోతి దగ్గర నిలబడి బడిలో నేర్చుకున్న జర్మనులో మెల్లగా మొదలుపెట్టాడు. "ఆవిడ నాకు తెలియదు. కానీ ఒక్క మనిషి కోసం ఊరు ఊరంతా ఏడు రోజులు పనులు మానుకుని కూచోవడం నేనెక్కడా చూడలేదు. మా వీధిలో మనిషి పోతే మేము కార్డు రాసి పడేస్తాం" అన్నాడు. అప్పటికి మాకు అర్థమైంది, మా భాషలో కెర్వా ఆడమాట కాబట్టి ఎవరో పెద్దావిడ పోయిందనుకున్నాడు. చేతిరుమాళ్ళు నోట్లో కుక్కుకున్నాం. నవ్వు ఆపుకోలేక నా భుజాలు ఊగుతుంటే డచ్చి ఇల్లాలు ఏడుస్తున్నాననుకుని నా వీపు నిమిరింది. గుంబర్ట్ గోతి లోతు కొలుస్తున్నట్టు తల వంచుకున్నాడు.

అప్పుడు యూస్ట్ దగ్గరివాళ్ళు ఎవరా అని చుట్టూ చూశాడు. అందరి మొహాలూ ఎర్రగా, విచిత్రంగా ఉన్నాయి. ఒక్క మొహంలోనే నిజమైన దుఃఖం ఉంది. జనాన్ని తప్పించుకుంటూ దారి దాటి వెళ్ళి సెబాల్డ్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ అమ్మగారా?" అన్నాడు.

సెబాల్డ్ తల ఎత్తి ఆయన మొహంలోకి చూశాడు.

"మా అమ్మ ఫోటోలు నా దగ్గర చాలా ఉన్నాయి. గొంతు మాత్రం మర్చిపోయాను. మీ అమ్మగారు ఎలా మాట్లాడేవారో మర్చిపోకముందే ఎవరికైనా చెప్పండి" అన్నాడు యూస్ట్.

నా నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. సెబాల్డ్ మా వైపు చూడలేదు. చేతులు పట్టుకున్న ఆ పరాయి మనిషికే చెప్పాడు.

"నాకు తొమ్మిదేళ్ళు. ఈ కెర్వాలోనే, ఈ దారిలోనే, చీకటి పడుతోంది రమ్మని మా అమ్మ కేకేసింది. ఆవిడ మాట వాగవతలి మాట. పిల్లలందరూ ఆ కేకను పట్టుకుని రోజంతా నా వెనకాల వెక్కిరించారు. ఇంటికెళ్ళి, ఇంక బయటెక్కడా నోరెత్తకు, నాకు సిగ్గుగా ఉందని చెప్పాను. చచ్చేదాకా ఎత్తలేదండీ. ఇంట్లో మాత్రం ఒకటే కబుర్లు. మొన్న ఆ పిల్ల వంటింట్లో కూచుని మీగడనేమంటారు, అలిగితే ఏమంటారు అని అడిగితే, నా నోట్లోంచి వచ్చినవన్నీ మా అమ్మ మాటలు. నావనుకుని చెప్పాను. పటం తప్పు కాదు."

తొట్టిని ముందువైపు మోస్తున్న కిలియన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఆ రోజు వెక్కిరించిన పిల్లల్లో వాడు లేకుండా ఎలా ఉంటాడు?

సెబాల్డ్ చేతులు విడిపించుకుని గోతి దగ్గరికి వచ్చాడు. ఏడో నియమం ఎవరికీ గుర్తు రాలేదు, గుంబర్ట్‌కు కూడా. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తీస్తున్న రాగమే తీశాడు. మాటలే వేరు, వాళ్ళమ్మ వాగవతలి మాటలు.

"ఎలిపోతన్నావేటే, నా తల్లీ. ఏటి లోటు సేసినామే నీకు. పొయ్యికాడ కూకోబెట్టి పల్లెమెట్టినాం, పలకరించినామేటే ఒక్కపాలి? మాతోటి మాటాడనేక ఎలిపోతన్నావా, మాటాడనిచ్చినోలు నేక ఎలిపోతన్నావా. ఆ గుంటడు సిగ్గుపడినాడే. ఇపుడు కేకెయ్యే, ఒక్క కేకెయ్యే, అంతా ఇనేటట్టు కేకెయ్యే."

ఆ మాటలు ఆ రాగంలో అతికినట్టు ఒదిగిపోతుంటే, ఆ రాగం ఎక్కడిదో అప్పుడు తెలిసింది నాకు. అసలైన ఫ్రాంకోనియా ఏడుపని ఊళ్ళకు ఊళ్ళు వచ్చి విన్నది వాగవతలి నుంచి వచ్చిన కోడలి రాగం. పద్నాలుగు కెర్వాలు నేను పళ్ళెం పెట్టి తల ఊపించుకున్న మనిషి గొంతు, ఆవిడ పోయిన ఇన్నేళ్ళకు, మొదటిసారి విన్నాను. నెమ్మదైన మనిషి అని మెచ్చుకున్నామే అనుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. చేతిరుమాలు నోట్లోంచి తీసి కళ్ళకు పెట్టుకున్నాను. చుట్టుపక్కల ఆడవాళ్ళెవరూ బిగ్గరగా ఏడవడం లేదు, గుండెలు బాదుకోవడం లేదు. యూస్ట్ చామంతులు గోతిలో వేశాడు. అతనూ పెళ్ళామూ వెక్కి వెక్కి ఏడ్చారు. గడ్డిబొమ్మ మీద మన్ను పడింది.

నిజం యూస్ట్‌కు మేము ఇప్పటికీ చెప్పలేదు. ఏటా కెర్వా రోజుల్లో ఆయన దగ్గర్నుంచి నల్లంచు కార్డు ఒకటి వస్తుంది, మీ అమ్మగారి జ్ఞాపకార్థం అని. సెబాల్డ్ దాన్ని జేబులో పెట్టుకుంటాడు.

ఆ సాయంత్రం పాతిపెట్టి వచ్చాక సత్రంలో చప్పుడు లేదు. బ్యాండువాళ్ళు బల్లల మీద తలలు పెట్టి నిద్రపోయారు. సెబాల్డ్ పొయ్యి వైపు వెళ్ళబోతే కిలియన్ కాలితో కుర్చీని బయటికి తోశాడు. సెబాల్డ్ ఒక నిమిషం నిలబడి, కుర్చీలో కూచున్నాడు. నేను నిండు గ్లాసు తెచ్చి ముందు పెట్టాను. గుంబర్ట్ నియమాల పుస్తకం తెరిచి, గోతి దగ్గర మాట్లాడింది డచ్చాయన కాబట్టి నియమం తప్పలేదనీ, సెబాల్డ్ మాట్లాడింది కెర్వాతో కాదనీ రాసుకున్నాడు. కింద సంతకం పెట్టాడు.

సెబాల్డ్ చాలాసేపు గ్లాసు ముట్టుకోలేదు. తర్వాత ఎప్పటిలాగే అడిగాడు. "ఎలా ఉంది?"

కిలియన్ తన గ్లాసులోకి చూశాడు. గడ్డం గీక్కున్నాడు. కిటికీలోంచి వాగు వైపు చూశాడు. వాతావరణం గురించి ఏదో అంటాడనుకున్నాను.

"పర్లేదు" అన్నాడు.

సెబాల్డ్ తల ఊపాడు. అంతటితో అయిపోయిందనుకుని నేను వంటింటి వైపు తిరిగాను. వెనకనుంచి కిలియన్ మళ్ళీ మాట్లాడాడు. అరవై ఏళ్ళలో ఆ మాట మీద వాడు ఇంకో మాట కలపడం అదే మొదలు.

"మీ అమ్మ మాట కూడా పర్లేదురా."

సెబాల్డ్ గ్లాసు ఎత్తాడు. చివరిదాకా తాగి ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.